తాత గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్మీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన పేజీలు రాత్రే చదివాను. తాత దినాలు అయి నెల కూడా కాలేదు, అప్పుడే రాయడానికి కూర్చున్నావంటే మెచ్చుకోవాలి. ఆ మెచ్చుకోలు తర్వాత చూద్దాం, ముందు కొంచెం గట్టిగానే మాట్లాడతా, ఏమనుకోకు.

మొదటి రెండు పేజీలు తీసెయ్. మర్రిచెట్టు, కొవ్వొత్తి, మమతల కోవెల... ఫ్లెక్సీ మీద ఫొటో మార్చినట్టు తాతను మార్చి ఎవరికైనా వాడుకోవచ్చు ఆ మాటల్ని. "కుటుంబమే లోకంగా బతికాడు" అని మూడు చోట్ల రాశావు. సరే, బతికాడు. పొద్దున లేచి ఏం చేసేవాడు? లీడర్ గురించో దొంగ గురించో రాస్తే ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది, రాసేవాడికి సుఖం. ఇల్లే పట్టుకుని బతికిన మనిషికి జరిగేది తక్కువ, రోజూ చేసేది ఎక్కువ. ఆ రోజూ చేసేదాంట్లోనే వెతకాలి.

నిజానికి నీకు దొరికింది కూడా, చూసుకోలేదు. బత్తాయిలు అమ్మి నల్లగొండ నుంచి వస్తూ కారబ్బూంది పొట్లం తెచ్చేవాడని, అరుగు మీద కూర్చుని పేపర్ ముక్కల మీద కుప్పలు పోసేవాడని, ముందు బిడ్డల పిల్లలకు ఇచ్చి ఆ తర్వాతే కొడుకుల పిల్లలకు ఇచ్చేవాడని నాలుగో పేజీలో ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలి కదా! బిడ్డల పిల్లలకు ముందెందుకు? వాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారో అనా, భూమిలో బిడ్డలకు ఏమీ రాయలేదన్న గుంజులాటా? కుప్పలు చిన్నాపెద్దా అయితే ఎవరు కొట్లాడేవాళ్లు, ఆయన తన చేతిలోది ఎవరికి పోసేవాడు? మీ నాయినను అడుగు, అంతకంటే ముందు మీ మేనత్తల్ని అడుగు.

వయసు సంగతి. నూటరెండేళ్లు బతికాడని రాశావు. పోలీస్ యాక్షన్ నాటికి పసుల కాసే పిల్లోడని కూడా నువ్వే రాశావు. పోలీస్ యాక్షన్, అదే నిజాం రాజ్యాన్ని ఇండియాలో కలపడానికి మిలటరీ వచ్చింది, 1948 సెప్టెంబర్‌లో. అప్పుడు పన్నెండేళ్లనుకున్నా, ఎనభై తొమ్మిదో తొంభయ్యో అవుతాయి, అంతే. ఆ తరానికి పుట్టినరోజులు రాసిపెట్టినోళ్లు ఎవరు, రజాకార్లు వచ్చిన ఏడు, ఫలానా కరువు, చెరువు తెగిన ఏడు, వీటితోనే లెక్క. తొంభై ఏళ్లు తక్కువేం కాదు, పెంచకు.

అప్పు గురించి కూడా జాగ్రత్త. పోలీస్ యాక్షన్‌కు ముందు తాత వాళ్ల అక్క పెళ్లికి వాళ్ల నాయిన చేసిన అప్పు అంటున్నావు కాబట్టి అవి హాలీ సిక్కా రూపాయలై ఉంటాయి, నిజాం నాణెం. ఏడు హాలీలు పెడితే ఆరు కల్దార్ రూపాయలు, అంటే ఇంగ్లీషోళ్ల రూపాయలు వచ్చేవి. ఇవాళ్టి రూపాయిలాగా రాస్తే ఆ అప్పు బరువు తెలియదు. ఎన్నాళ్ల జీతంతో తీరిందో రాయి, అప్పుడు తెలుస్తుంది. ఆ అప్పు కోసమే కదా తాత నాగార్జునసాగర్ డ్యామ్ పనికి పోయి రాళ్లు మోసింది. డ్యామ్‌కు 1955లో పునాదిరాయి పడింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు, ఆ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు పోయింది గానీ మీ చెలకకు చుక్క రాలేదు. ఈ ముక్క ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్. ప్రాజెక్టుల మీద పేజీన్నర ఉపన్యాసం తాత బతుకులో ఎందుకు?

ఇక నాకు కష్టమనిపించింది నాయనమ్మ. అన్ని పేజీల్లో ఆమె వచ్చేది "సహధర్మచారిణి" అని ఒక్కసారి. మర్రిగూడ, చండూరు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు ఎట్లాంటివో నీకు చెప్పాలా? ఊళ్లో బోరు నీళ్లు తాగితే కాళ్లు వంకర పోయేవి, నడుములు బిగుసుకుపోయేవి. మంచినీళ్ల బావికి అంత దూరం పోయి ఆమె బిందె మీద బిందె మోసుకొచ్చింది, చివరికి ఆమె నడుమే వంగింది. కుటుంబం కోసం ప్రాణం పెట్టిన తాత ఎప్పుడన్నా ఆ బిందె ఎత్తాడా? ఎత్తితే రాయి, ఎత్తకపోతే అదీ రాయి. చిన్న మేనత్త చదువు ఏడో తరగతిలో ఆగిపోయిందన్నావు, ఎవరు ఆపారో చెప్పలేదు. ఆయనే ఆపి ఉంటే దాచకు. చచ్చినోళ్ల మీద నిజం చెప్తే ఇంట్లో లొల్లి అయితది, నాకు తెలుసు, మా ఇంట్లో కూడా అయింది, మా అన్న చాలా రోజులు మాట్లాడలేదు. అయినా ఆ బూంది పంచిన చేతిని జనం నమ్మాలంటే ఇది కూడా ఉండాలి.

పట్వారీ ఇంట్లో జీతమున్నప్పుడు నేర్చుకున్న ఉర్దూలో లెక్కల బుక్కు రాసేవాడన్నావే, దాన్ని "మాకెవరికీ చదవరాదు" అని సందుకలో పెట్టేస్తే ఎట్లా? ఎవరి పెళ్లికి ఎంత, ఎద్దులు ఎప్పుడు అమ్మాడు, ఆస్పత్రికి ఎవర్ని తీసుకపోయాడు, అన్నీ అందులో ఉండొచ్చు. లేదా ఉత్త ఎరువుల లెక్కలే ఉండొచ్చు, అవైనా సరే. ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకో, బుక్కు మాత్రం కొరియర్‌లో పంపకు. నల్లగొండలో నాకు తెలిసిన ఉర్దూ సారొకరు ఉన్నారు, రిటైరయ్యారు, చదివి పెడతారు. సాయంత్రమైతే ఆయనకు చూపు ఆనదు, ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చెయ్, నేను బస్టాండ్‌కు వస్తా. మేనత్తతో మాట్లాడాకే రా.

మీ అన్న