లైసెన్సు గడువు నాలుగు నెలలే ఉంటే పునాది మొదలుపెట్టొచ్చా? మా వర్తూరు అనుభవం

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దాటాక థర్టీ ఫార్టీ (30x40 అడుగుల) సైట్, బీబీఎంపీ (అప్పటి నగరపాలిక) ఉన్నప్పుడే 2024లో ప్లాన్ శాంక్షన్ అయి ఇల్లు కట్టుకునే లైసెన్సు వచ్చింది, ఈ జూన్ నెలాఖరుకి రెండేళ్ళు నిండిపోతాయి. చేతిలో ఎనిమిది లక్షలు ఉన్నాయి, లోన్ ఇంకా తేలలేదు. భూమి పూజ చేసి నాలుగు గుంతలు తవ్విస్తే లైసెన్సు నిలుస్తుందా, లేక ఇంకో ఏడాది ఆగి కొత్త ప్లాన్ పెట్టుకోవాలా అని.

మూడేళ్ళ క్రితం మేం ఇదే టెన్షన్ పడ్డాం. నా మాట ముందే చెప్పేస్తానండీ. గుంతల మీద ఆశ పెట్టుకోకండి. ప్లింత్ బీమ్ దాకా, అంటే గోడలు మొదలయ్యే మట్టం దాకా, లేపే డబ్బు ఉంటేనే మొదలుపెట్టండి. ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి.

మనకు వర్తించేది 2003 నాటి బిల్డింగ్ బైలాస్ (ఇళ్ళు కట్టే నియమాలు). లైసెన్సు వచ్చిన తేదీ నుంచి రెండేళ్ళలో పని మొదలవ్వకపోతే అది రద్దయినట్టే. చాలామందికి ఇంతవరకే తెలుసు. దాని కింద ఇంకో మాట ఉంది. మొదలుపెట్టిన ఇల్లు అయిదేళ్ళలో పూర్తి కాకపోతే పని ఎంతవరకు వచ్చిందో రాసిచ్చి మళ్ళీ అనుమతి తీసుకోవాలి. అప్పటికి ప్లాన్‌లో ఉన్న ఫ్లోర్ ఏరియాలో కనీసం 75 శాతం కట్టి ఉండాలి, అదీ ప్లాన్ ప్రకారమే. లేదంటే కొత్త లైసెన్సే. ఈ అయిదేళ్ళను మా ఇంజినీరు లైసెన్సు తేదీ నుంచే లెక్కపెట్టారు, పని మొదలైన రోజు నుంచి కాదు. అంటే పునాది వేసి వదిలేస్తే మీకు దొరికేది ఇంకో మూడేళ్ళు, అంతే.

మా లైసెన్సు 2021 మార్చి 10న వచ్చింది. వచ్చిన నెలన్నరకే కర్ణాటకలో లాక్‌డౌన్ పెట్టారు. ఆ ఏడాది మామయ్యగారి ఆరోగ్యం బాగాలేక ఇంటి మాటే ఎత్తలేదు. 2022లో కదులుదాం అనుకుంటే ఎప్పుడూ చూడని వానలు. ఆ సెప్టెంబరులో బెళ్ళందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చి జనాన్ని ట్రాక్టర్లలో తీసుకెళ్ళడం మీకూ గుర్తుండే ఉంటుంది. వాన తగ్గేసరికి శుక్ర మూఢం. అది పోయేసరికి ధనుర్మాసం. మామయ్యగారు పట్టుదల మనిషి, మూఢంలో గడ్డపార దించనివ్వరు. ఆయన నమ్మకాన్ని నేను తప్పు పట్టను, ఆ ఇంటికి పెద్ద ఆయన. కానీ లైసెన్సు గడువుకు మూఢం తెలీదు. చివరికి 2023 వసంత పంచమి నాడు, జనవరి 26న, భూమి పూజ చేశాం. గడువుకు మిగిలింది ఆరు వారాలు.

ఆరు వారాలు చాలనుకున్నాం. మార్కింగ్ రోజే తెలిసింది చాలదని. మదనపల్లె వైపు నుంచి వచ్చిన మేస్త్రి ముందు వైపు రెండు మేకులు కొట్టి నైలాన్ దారం లాగాడు. మూడడుగులు, నాలుగడుగులు, అయిదడుగుల లెక్కన మూలమట్టం చూసి వెనక్కి వెళ్ళాడు. టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. ముందు సరిగ్గా 30 అడుగులు ఉంది. వెనక 29 అడుగుల 7 అంగుళాలు. మళ్ళీ కొలిచాం, అంతే వచ్చింది. పక్కవాళ్ళ కాంపౌండ్ గోడ ఎప్పుడో కట్టినప్పుడు అయిదు అంగుళాలు మా వైపు జరిగింది. సేల్ డీడ్‌లో 30 ఉంది, ప్లాన్‌లో 30 ఉంది, నేల మీద లేదు. ముగ్గు పోయడానికి గిన్నె పట్టుకుని నిలబడ్డ మేస్త్రి, "అమ్మా, ఇప్పుడు పోయనా, వద్దా?" అని అడిగాడు. వద్దన్నాను.

అక్కడ పదకొండు రోజులు పోయాయి. పక్కింటి పెద్దాయనతో మాట్లాడటం, సర్వేయర్‌ని పిలవడం, ఇంజినీరు కాలమ్ (పిల్లర్) డ్రాయింగ్ మళ్ళీ గీయడం. గోడ జోలికి వెళ్ళలేదు. ఆ వైపు సెట్‌బ్యాక్ (సరిహద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) తగ్గకుండా వెనక పడకగదినే కుదించి కాలమ్ లోపలికి జరిపారు. లేచి నిలబడ్డ కాలమ్‌ని జరపడం ఎవరి తరం కాదు కాబట్టి ఆ పదకొండు రోజులు పోవడమే మేలయింది. కానీ పూజకు ముందే, నవంబరులోనే టేపు పట్టి ఉంటే అంత ఉరుకులు పరుగులు ఉండేవి కావు. కొలవడానికి ముహూర్తం అక్కర్లేదు కదా.

పని మొదలైందని చూపించడానికి మేం దాచినవి చెప్తాను. మా లైసెన్సు షరతుల్లో కాలమ్ మార్కింగ్ అయ్యాక తెలియజేసి కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్ (పని మొదలుకు ఇచ్చే పత్రం) తీసుకోవాలని ఉంది. మార్కింగ్ సరిచేసిన రోజే ఇంజినీరు సంతకంతో లెటర్ ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో సీలు వేయించుకున్నాం. రెడీమిక్స్ లారీ చలాన్లు, కడ్డీ బిల్లులు, ఫుటింగ్ (పునాది అడుగు) కాంక్రీట్ వేస్తున్నప్పుడు ఎదురింటి నంబరు కనిపించేలా తీసిన ఫోటోలు, అన్నీ ఒక ఫైల్లో పెట్టాం. భూమి పూజ ఫోటోలు ఆ ఫైల్లో లేవు. పూజ మన ఇంటి విషయం, పని మొదలైనట్టు లెక్క కాదు. మీ షరతులు ప్లాన్ షీటుతో పాటు ఇచ్చిన కాగితంలో ఉంటాయి, వరస తప్పకుండా చదవండి. ఇంకో సంగతి, 2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి అయిదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి, మీ సైట్ ఇప్పుడు ఎందులోకి వస్తుందో కనుక్కుని ఆ టౌన్ ప్లానింగ్ విభాగంలోనే లెటర్ ఇవ్వండి.

ఇక డబ్బు. 2023లో మాకు ప్లింత్ బీమ్ దాకా, మట్టి నింపి కొట్టించడంతో కలిపి, ఆరున్నర లక్షలు అయ్యింది. రేట్లు అప్పటివి, మీరు కొత్త కొటేషన్ తీసుకోండి. మీ ఎనిమిది లక్షలతో అవుతుందనే నాకనిపిస్తోంది, కానీ అందులో లక్షన్నర పక్కన పెట్టి మిగతాది సరిపోతేనే దిగండి. ఎందుకంటే సగం తవ్విన గుంత తవ్వని నేలకంటే అధ్వాన్నం. మా వీధి చివర ఒకాయన గడువు కోసమే గబగబా అయిదడుగులు తవ్వించి డబ్బులకు ఆగిపోయారు. మన ఎర్రమట్టి ఎండలో గోడలా నిలబడుతుంది, తడిస్తే జారిపోతుంది. మే నెల సాయంత్రం వానలు నాలుగు పడేసరికి అంచులు విరిగి, పక్క కాంపౌండ్ గోడ పునాది బయటపడి వాలింది. గోడ కట్టించడానికీ, గుంతలో బురద తోడించి మళ్ళీ తవ్వించడానికీ ఆయనకు అయిన ఖర్చు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ప్లింత్ దగ్గర ఆగితే ఆ భయం లేదు. మేం అక్కడే అయిదు నెలలు ఆగాం. బయటికి ఉన్న కాలమ్ కడ్డీలకు సిమెంటు పాలు పూయించి, ప్లాస్టిక్ కవర్ చుట్టించాం. మళ్ళీ పని మొదలుపెట్టినప్పుడు వైరు బ్రష్‌తో రుద్దితే తుప్పు పైపైనే ఉంది. ఆగిన ఆ అయిదు నెలల్లోనే లోన్ వచ్చింది. బ్యాంకు వాళ్ళు మొదట అడిగింది లైసెన్సు అమల్లో ఉందా అనే. సీలు వేసిన లెటర్, పునాది ఫోటోలు చూపించాక ఫైల్ కదిలింది. లోన్ వస్తే మొదలుపెడదాం అని మీరు కూర్చుంటే, గడువు దాటిన ప్లాన్ మీద లోన్ అడగాల్సి వస్తుంది.

నీళ్ళు, కరెంటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టెంపరరీ కనెక్షన్‌కి ముందే పెట్టండి. క్యూరింగ్‌కి (కాంక్రీట్ తడపడానికి) కావేరి నీళ్ళు వాడొద్దు. 2024 మార్చిలో కరువొచ్చినప్పుడు కట్టడాలకు తాగునీళ్ళు వాడితే అయిదు వేల జరిమానా అన్నారు, మా మొదటి స్లాబ్ అప్పుడే వేశాం. శుద్ధి చేసిన నీళ్ళ ట్యాంకరుతోనే నెట్టుకొచ్చాం.

గడువు దాటాక గుట్టుగా కట్టేద్దాం అని మీ బావగారు అన్నారని రాశారు. దయచేసి వద్దు. 2024 డిసెంబరు సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఓసీ (ఇల్లు ప్లాన్ ప్రకారం పూర్తయి ఉండటానికి పనికొస్తుందని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) లేని ఇళ్ళకు బెస్కాం కరెంటు కనెక్షన్లు ఆగిపోయి జనం ఎంత ఇబ్బంది పడ్డారో చూశాను. 1200 చదరపు అడుగుల దాకా సైట్లలో చిన్న ఇళ్ళకు 2025లో రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది, మీ సైట్ అందులోకి రావచ్చు కూడా. కానీ ఆ మినహాయింపు ఓసీకే గానీ, ప్లాన్ లేకుండా కట్టుకోమని కాదు.

మీ క్యాలెండర్ చూద్దాం. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఆ నెలలో ఒప్పుకోరు. ఒప్పుకున్నా అప్పటికి వానలు మొదలైపోతాయి. కాబట్టి జూన్ నెలాఖరు అనుకోకండి, మీ గడువు మే రెండో వారం. ఏప్రిల్‌లో ముహూర్తం పెట్టించి, ఉగాది లోపు మార్కింగ్ కొలతలు తేల్చుకోండి. ఈ ఆదివారమే ఇంజినీరునో, మంచి మేస్త్రినో సైట్ దగ్గరికి తీసుకెళ్ళి నాలుగు వైపులా టేపు పట్టించండి. వెనక వైపు నుంచి మొదలుపెట్టమనండి. ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, మా కాలమ్ డ్రాయింగ్ ఎలా మార్చారో మీకు పంపిస్తాను.