రొమ్ము క్యాన్సర్: తేడా ఒంట్లో ఉందా, ఊళ్ళో ఉందా?

అమెరికాలో నల్లజాతి మహిళలు రొమ్ము క్యాన్సర్‌తో ఎక్కువగా చనిపోవడానికి కారణం జన్యువులా, వివక్షా అని అడిగారు. నల్లజాతి వాళ్ళు ఎక్కువగా ఉండే షికాగో సౌత్ సైడ్‌లో మామోగ్రామ్‌లు (రొమ్ము ఎక్స్‌రేలు) తీయడం నా ఉద్యోగం. నన్నడిగితే రెండూ ఉన్నాయి, కాకపోతే చెరి సగం కాదు.

ఈ జబ్బు తెల్లవాళ్ళ కంటే నల్లజాతి మహిళలకు కాస్త తక్కువగానే వస్తుంది. మరణాల రేటు మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. హార్మోన్ మందులకు లొంగని ట్రిపుల్ నెగటివ్ రకం వాళ్ళలో సుమారు రెట్టింపు కనిపిస్తుంది. ఇదే రకం పశ్చిమ ఆఫ్రికాలోని ఘనాలో ఎక్కువ, తూర్పున ఉన్న ఇథియోపియాలో తక్కువ. కాబట్టి ఇది ఒంటి రంగు సంగతి కాదు, పశ్చిమ ఆఫ్రికా మూలాల సంగతి. బానిసలుగా అమెరికాకు తెచ్చింది ఎక్కువగా ఆ వైపు వాళ్ళనే కదా.

అయితే 1980లో షికాగోలో రెండు జాతుల మరణాల రేటూ ఇంచుమించు ఒక్కటే. 2003 నాటికి నల్లజాతి మహిళలది 68 శాతం ఎక్కువైపోయింది. అంతలోనే జన్యువులు మారిపోవు. మధ్యలో వాడకం పెరిగినవి మామోగ్రామ్‌లు, టామోక్సిఫెన్ లాంటి హార్మోన్ మందులు. టామోక్సిఫెన్ ట్రిపుల్ నెగటివ్‌కి పనిచేయదు గనక కొంత తేడా అక్కడ వచ్చిందనుకుందాం. మరి ఆ మందు బాగా పనిచేసే రకంలోనూ వాళ్ళే ఎక్కువగా పోతున్నారే!

మా దగ్గరికి వచ్చిన ఒక క్యాషియర్ సంగతి చెప్తాను. ఫిల్ములో అనుమానంగా ఉంది, మళ్ళీ రమ్మని ఉత్తరం పంపాం. నెలలు గడిచాక వచ్చింది. గంటల లెక్క జీతం, రాకపోతే ఆ పూట డబ్బులు పోయినట్టే. రెండు బస్సులు మారాలి. బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) బిల్లు ఎంతవుతుందోనని టెన్షన్. పోల్చి చూడ్డానికి పాత ఫిల్ములు కావాలంటే అవి వేరే ఆసుపత్రిలో ఉన్నాయి, ఆ సీడీ కోసం ఆవిడే తిరగాలి. ఆవిడకేదో నిర్లక్ష్యం అనడం తేలిక.

చివరికి మా నావిగేటర్ పూనుకుని సీడీ తెప్పించి, బస్ పాస్ ఇప్పించి, బయాప్సీకి డేట్ ఖాయం చేసింది. రోగికి ఇలా తోడు నడిచే పద్ధతిని డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ 1990లో న్యూయార్క్ హార్లెంలో మొదలుపెట్టారు. రిపోర్ట్ చూస్తే ఆవిడది ట్రిపుల్ నెగటివ్ కాదు, మాత్రలకు లొంగే రకమే. ఈలోగా చంకలో గ్రంథులకు పాకింది.