టీకా వేసినా నీలినాలుక వచ్చింది: పీసీఆర్ తర్వాత ఇంకో రెండు పరీక్షలు ఎందుకు?

టీకా వేయించినా మీ గొర్రెలకు నీలినాలుక (బ్లూటంగ్) వచ్చిందనీ, పీసీఆర్‌లో పాజిటివ్ అని తేలాక కూడా సీక్వెన్సింగ్ (వైరస్ జన్యువుల్ని అక్షరం అక్షరం చదవడం), న్యూట్రలైజేషన్ (యాంటీబాడీలు వైరస్‌ని ఆపుతాయో లేదో కణాల మీద చూడటం) అంటూ ల్యాబ్ వాళ్లు రోజులు తీసుకుంటున్నారనీ రాశారు. కొన్నేళ్లు ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నాను, ఆ రోజులు వృథా కావు.

మామూలు పీసీఆర్ ఇది నీలినాలుక వైరస్ అని మాత్రమే చెబుతుంది. ఇందులో 24కు పైగా సీరోటైపులు, అంటే యాంటీబాడీలు వేరువేరుగా గుర్తించే రకాలు, ఉన్నాయి. ఒక రకం టీకా సాధారణంగా ఇంకో రకాన్ని ఆపదు. 2006లో ఉత్తర ఐరోపాలో వచ్చింది 8వ రకం. 2023లో నెదర్లాండ్స్‌లో 3వ రకం బయటపడితే పాత టీకా అక్కరకు రాలేదు, వేలాది గొర్రెలు చనిపోయాయి.

ఈ వైరస్ ఆర్‌ఎన్‌ఏ 10 ముక్కలుగా ఉంటుంది. యాంటీబాడీలు ముఖ్యంగా పట్టుకునేది పైపొరలోని వీపీ2 ప్రోటీన్‌ని, దాన్ని తయారుచేసేది రెండో ముక్క. రకం తేలేది అక్కడే. రెండు వైరస్‌లు ఒకే జంతువులోనో, వ్యాధిని మోసే క్యూలికాయిడిస్ అనే చిన్న కుట్టుడు పురుగులోనో కలిస్తే ఒకదాని ముక్కలు ఇంకోదానిలోకి మారిపోతాయి.

నేను చేరిన కొత్తలో త్వరగా అవుతుందని ఒక నమూనాలో మూడో ముక్క ఒక్కటే చదివాను. డేటాబేస్‌లో దానికి బాగా దగ్గరగా ఉన్నది 2వ రకం వైరస్. రిపోర్టులో అదే రాసేశాను. తర్వాత న్యూట్రలైజేషన్ ప్లేటు పెట్టి, కణాలున్న గుంతల్లో వైరస్‌తో పాటు ఒక్కో రకం సీరం (ఆ రకం యాంటీబాడీలున్న రక్తద్రవం) పోసి చూస్తే, 2వ రకం సీరం పోసిన గుంతల్లో కణాలు ముడుచుకుని, ఊడిపోయి తేలుతున్నాయి, అంటే వైరస్ ఆగలేదు. 16వ రకం సీరం ఉన్న గుంతల్లో మాత్రం చాప పరిచినట్టు అతుక్కుని ఉన్నాయి. చేతులు చల్లబడిపోయాయి. రెండో ముక్క చదివితే అదీ 16 అనే చెప్పింది. మూడో ముక్క ఆ వైరస్ ఏ ప్రాంతపు వైరస్‌లకు చుట్టమో చెబుతుంది గానీ, దాని రకం చెప్పదు. వెంటనే ఫోన్ చేసి రిపోర్టు మార్చాను. ఆ మొదటి రిపోర్టు నమ్మి టీకా వేసి ఉంటే అనుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

రెండో ముక్క చదివితే చాలదా అంటారేమో. రకం తెలుస్తుంది, నిజమే. కానీ ఒకే రకంలో కూడా వైరస్‌కీ వైరస్‌కీ తేడాలుంటాయి. మీ టీకా ఇచ్చిన యాంటీబాడీలు ఈ వైరస్‌ని ఎంతవరకు ఆపుతాయో ప్లేటులో చూస్తేనే తెలుస్తుంది. అందుకే టీకా వేసి, జబ్బు సోకని గొర్రెల సీరం కూడా పంపండి. అది వైరస్‌ని బాగా ఆపితే టీకా రకం సరైనదే, జబ్బు పడ్డవాటికి అది సరిగా అందిందా అని వెతకాలి. ఆపకపోతే టీకాయే మార్చాలి.

ఈ ప్లేటు పరీక్షకు బతికున్న వైరస్ కావాలి. పీసీఆర్ నెలల తరబడి పాజిటివ్ చూపించినా, పెరిగే వైరస్ రక్తంలో అన్నాళ్లు ఉండదు. అది ఎర్ర రక్తకణాలకు అంటుకుని ఉంటుంది, కాబట్టి వైరస్ కోసం సీరం కాకుండా, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో మొత్తం రక్తం తీయించండి. ఐస్ మీద పెట్టి పంపండి, ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించవద్దు. మందలో ఇంకా జ్వరంతో ఉన్న గొర్రె ఉంటే, దాని రక్తం ఈ రోజే తీయించండి.