సమాధానం: రోజంతా రాసిన మేత లెక్కల ఫైలుకి నిన్నటి తేదీయే చూపిస్తోంది, బ్యాకప్ కావట్లేదు

మీ భీమవరం ఆఫీసులో ఆ లెక్కల ప్రోగ్రాము రాత్రి బ్యాకప్ వేళకి కూడా తెరిచే ఉంటోందండి, కారణం చాలావరకు అదే. విండోస్‌లో ఫైల్లోకి డేటా వెళ్ళిపోయినా, రాయడానికి తెరిచిన హ్యాండిల్స్ (ప్రోగ్రాము ఫైలుని తెరిచి పట్టుకున్న లింకులు) అన్నీ మూసేదాకా మార్పు తేదీ పూర్తిగా అప్‌డేట్ అవుతుందన్న గ్యారంటీ లేదు. పాత తేదీ చూసి, ఫైలు మారలేదనుకుని మీ బ్యాకప్ స్క్రిప్టు (కాపీలు తీసే ఆదేశాల ఫైలు) దాన్ని వదిలేస్తోంది. స్క్రిప్టు తప్పు కాదు.

1. ప్రోగ్రాము మూసేయండి. మినిమైజ్ చేస్తే చాలదు.

2. అందరూ మర్చిపోయేది ఇదే: చెరువు గట్టు మీద షెడ్డులో ఉన్న రెండో కంప్యూటర్లో కూడా మూయాలి. షేర్ చేసిన ఫైలు ఒక్కచోట తెరిచి ఉన్నా చాలు, తేదీ పాతదే కనిపించవచ్చు. (మా కుర్రాడు స్క్రీన్ లాక్ చేసి భోజనానికి పోయేవాడు. నేను వారం రోజులు స్క్రిప్టుని తిట్టుకున్నాను.)

3. తర్వాత తేదీని ఫోల్డర్ లిస్టులో కాదు, ఫైలు ప్రాపర్టీస్‌లో చూడండి.

4. తేదీ మారాకే బ్యాకప్ నడపండి.

బ్యాకప్ తీసే పెన్ డ్రైవ్ ఫ్యాట్32 (FAT32, ఫైళ్ళు భద్రపరిచే ఒక పాత పద్ధతి) అయితే ఇంకో చిక్కు: అది మార్పు సమయాన్ని 2 సెకన్ల లెక్కనే నమోదు చేస్తుంది, దాంతో రెండు చోట్లా సమయాలు కాస్త తేడాగా కనిపించవచ్చు. మారని ఫైళ్ళు కూడా మళ్ళీ మళ్ళీ కాపీ అవుతుంటే రోబోకాపీకి (విండోస్‌లో ఫైళ్ళు కాపీ చేసే కమాండ్) /ఎఫ్‌ఎఫ్‌టీ (/FFT) తగిలించండి, అప్పుడది సమయాల్ని 2 సెకన్ల లెక్కనే పోలుస్తుంది.