ప్రశ్న–జవాబు: సహజ ప్రవృత్తికి అవతల ఎంత స్వేచ్ఛ?

ప్రశ్న: జంతువులన్నీ సహజ ప్రవృత్తికి లోబడి నడుస్తాయనీ, మనిషి ఒక్కడే ఆలోచించి నిర్ణయం తీసుకుంటాడనీ చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. మా ఇంటి కుక్కను చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కావడం లేదు. తినవద్దని చెప్పి బిస్కెట్టు ముందు పెడితే అది కాసేపు దానివైపే చూసి, తల పక్కకు తిప్పుకొని, చివరకు గోడవైపు తిరిగి పడుకుంటుంది. మరోవైపు, మనం ఒక నిర్ణయం తీసుకున్నామని మనకు తెలిసేలోపే మెదడు ఆ పని మొదలుపెట్టేస్తుందని ప్రయోగాల్లో తేలినట్టు ఈ మధ్య ఒక ప్రసంగంలో విన్నాను. ఇంతకీ కుక్కకు స్వేచ్ఛ ఉన్నట్టా, లేక మనకూ లేనట్టా?

జవాబు: మీరు అడిగిన దానిలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఒక ప్రాణి తన సహజ ప్రవృత్తిని దాటి ప్రవర్తించగలదా అన్నది మొదటిది. ఏ ప్రాణి చేసే పని అయినా దానికి ముందున్న కారణాల నుంచి పూర్తిగా విడివడి ఉండగలదా అన్నది రెండోది. మొదటిదానికి పరిశీలన వల్ల, ప్రయోగాల వల్ల జవాబు దొరుకుతుంది. చాలావరకు దొరికింది కూడా. రెండోది తత్త్వవేత్తలు వేల ఏళ్లుగా వాదించుకుంటున్న విషయం, అందులో కుక్కదీ మనిషిదీ ఒకటే పరిస్థితి. మన నిర్ణయాలకు కారణాలు ఉండటమే బంధనమైతే, ఆ బంధనం ఇద్దరికీ సమానమే. ఈ రెండు ప్రశ్నలనూ విడదీయకుండా కలిపి మాట్లాడినప్పుడే ‘జంతువుకు లేదు, మనకు ఉంది’ అన్న తీర్పు అంత సులువుగా వెలువడుతుంది.

సహజ ప్రవృత్తి అంటే ఏమిటో చూపించడానికి శాస్త్రజ్ఞులు తరచుగా చెప్పే ఉదాహరణ ఒకటుంది. బూడిదరంగు పెద్దబాతు గూటిలోంచి గుడ్డు బయటికి దొర్లితే, అది మెడ చాచి, ముక్కు అడుగుభాగంతో గుడ్డును మెల్లగా తనవైపు లాక్కుంటుంది. కోన్రాడ్ లోరెంజ్, నికో టింబర్గెన్ 1938లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, లాగడం మొదలయ్యాక మధ్యలో గుడ్డును తీసివేసినా బాతు ఆగదు. లేని గుడ్డును గూటిదాకా లాగి తీరుతుంది. పాఠ్యపుస్తకాలు ఇక్కడితో వదిలేస్తాయి కానీ అసలు ఆసక్తికరమైన విషయం దీని తర్వాతే ఉంది. గుడ్డు పక్కకు జారిపోకుండా ముక్కును అటూ ఇటూ సర్దే చిన్న కదలిక ఒకటి ఉంటుంది, గుడ్డు తీసివేయగానే అది మాత్రం ఆగిపోతుంది. అంటే ఒకే పనిలో, ఒకే మెడలో, పరిసరాలను పట్టించుకోకుండా సాగే భాగమూ ఉంది, క్షణక్షణం వాటిని చూసి మారే భాగమూ ఉంది. ‘యంత్రంలా చేస్తుంది’ అని మనం కొట్టిపారేసే పని కూడా పూర్తిగా యాంత్రికం కాదు.

కందిరీగ సంగతి ఇంకా ప్రసిద్ధం. ఫ్రెంచి కీటక శాస్త్రజ్ఞుడు జాన్ ఆన్రీ ఫాబ్రే గమనించిన ఒక జాతి కందిరీగ, కుట్టి చచ్చుబడేలా చేసిన కీచురాయిని తన బొరియ గుమ్మం దాకా లాక్కొచ్చి, అక్కడ వదిలి, లోపలికి ఒకసారి వెళ్లి చూసుకొని వస్తుంది. అది లోపల ఉన్నప్పుడు కీచురాయిని కాస్త దూరం జరిపితే, బయటికి వచ్చి మళ్లీ గుమ్మం దాకా లాగి, మళ్లీ లోపలికి తనిఖీకి వెళుతుంది. ఫాబ్రే 40 సార్లు జరిపితే 40 సార్లూ అదే తంతు. జంతువుకు బుద్ధి లేదనడానికి ఈ కథను ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. అదే ఫాబ్రే మరోచోట అదే జాతికి చెందిన మరో గుంపు మీద ఈ పరీక్ష చేసినప్పుడు, రెండు మూడుసార్లు మోసపోయాక అవి తనిఖీ మానేసి కీచురాయిని నేరుగా లోపలికి లాక్కుపోయాయన్న సంగతిని మాత్రం చెప్పేవారు తక్కువ. దాచిపెట్టింది ఫాబ్రే కాదు, ఆయన రాసే ఉంచాడు. మనకు అనుకూలమైన సగాన్ని మనం ఏరుకున్నాం.

ఇప్పుడు మీ కుక్క విషయానికి వద్దాం. అది గోడవైపు తిరగడంలో ఉన్నది అల్పమైన విషయం కాదు. ఎదురుగా ఉన్న దాన్ని అందుకోకుండా తనను తాను ఆపుకోవడానికి చూపు మరల్చుకోవడం ఒక ఉపాయం. ఎదురుచూస్తే ఎక్కువ మిఠాయి ఇస్తామని చెప్పినప్పుడు చిన్నపిల్లలు కళ్లు మూసుకోవడం, ముఖం తిప్పుకోవడం వంటివే చేస్తారు. చింపాంజీలకు ఇటువంటి పరీక్ష పెట్టి, పక్కన ఆటవస్తువులు ఉంచితే, వాటితో ఆడుకుంటూ అవి మరింత ఎక్కువసేపు ఆగగలిగాయి. ఆక్టోపస్‌కు దగ్గరి బంధువైన కటిల్‌ఫిష్ అంతగా ఇష్టంలేని ఆహారం అందుబాటులో ఉన్నా దాన్ని ముట్టకుండా, తనకు ఇష్టమైన బతికున్న రొయ్య కోసం 50 నుంచి 130 సెకన్ల వరకు ఆగుతుందని 2021లో ప్రచురితమైన పరిశోధన చూపింది. స్క్రబ్ జే అనే పక్షి ఏ తిండిని ఎక్కడ, ఎప్పుడు దాచిందో గుర్తుంచుకొని, త్వరగా పాడయ్యే పురుగులను తొలినాళ్లలోనే వెతుక్కొని, ఆలస్యమైతే వాటిని వదిలేసి పల్లీల దగ్గరికి వెళుతుందని 1998లోనే తేలింది. ఆకలి, ఆహారం ఈ రెండే లెక్కలోకి వచ్చే యంత్రాలైతే ఇవేవీ సాధ్యం కావు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టే ప్రయోగం 1964 నాటిది. రీసస్ కోతులకు రెండు గొలుసులు చూపి, వాటిని లాగితే ఆహారం దొరుకుతుందని నేర్పారు. ఆ తర్వాత ఒక గొలుసు లాగినప్పుడల్లా ఎదురుగా ఉన్న మరో కోతికి కరెంటు షాక్ తగిలేలా అమర్చారు. చాలా కోతులు ఆ గొలుసును వదిలేసి, తక్కువ ఆహారమిచ్చే రెండో గొలుసుతో సరిపెట్టుకున్నాయి. ఒక కోతి అయితే 12 రోజులపాటు ఏ గొలుసునూ ముట్టకుండా పస్తు ఉంది. ఆకలి కన్నా బలమైన ప్రవృత్తి మరొకటి దాన్ని ఆపిందని వాదించవచ్చు, కాదనను. అయితే సాటి మనిషి బాధ చూడలేక ఒకడు అన్నం మానేసినప్పుడు కూడా అదే వివరణ ఇవ్వడానికి మనం సిద్ధపడాలి. ఆ ప్రయోగంలో ఆకలికి లొంగనిది కోతి, షాక్ అమర్చింది మనుషులు అన్న సంగతి కూడా మరిచిపోకూడదు.

మరి మనిషికి ప్రత్యేకంగా ఉన్నదేమిటి? అమెరికన్ తత్త్వవేత్త హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ 1971లో ఇచ్చిన సమాధానం నాకు ఇప్పటికీ సరైనదనిపిస్తుంది. కోరికలు అందరికీ ఉంటాయి; తన కోరికల గురించి మళ్లీ కోరిక కలగడం మనిషి లక్షణమని ఆయన అన్నాడు. సిగరెట్టు తాగాలనిపిస్తుంది, అలా అనిపించకుండా ఉంటే బాగుండునని కూడా అనిపిస్తుంది. ఈ రెండో పొర ఉన్నచోటే ‘నేను ఎలాంటివాణ్ని కావాలి’ అన్న ప్రశ్న పుడుతుంది. కుక్క బిస్కెట్టును వద్దనుకోగలదు. బిస్కెట్లంటే పడిచచ్చే స్వభావాన్ని మార్చుకోవాలని అనుకుంటుందనడానికి ఆధారం లేదు. అలాగని మనిషికీ జంతువుకూ మధ్య ఉన్న ఈ గోడ మరీ గట్టిది కూడా కాదు. తమకు గుర్తులేదని తోచినప్పుడు జ్ఞాపకశక్తి పరీక్షను వదులుకొని, చిన్న బహుమతితో తృప్తిపడటం రీసస్ కోతులకు తెలుసని 2001లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. తమ మనఃస్థితి తమకు కొంతైనా తెలియకపోతే అది కుదరదు.

మనిషి తన స్వేచ్ఛ హద్దులు తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఊపిరి బిగబట్టి చూడండి. రోజంతా మీ ప్రమేయం లేకుండా మెదడు కాండం నడిపే పనిని మీరు కావాలని ఆపగలిగారు. కాసేపటికి రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగి, ఉదరవితానం దానంతట అదే ఎగిరిపడటం మొదలవుతుంది. మీరు ఇంకొంచెం ఓర్చుకుంటారు, ఆపైన మీ పట్టుదలతో పని లేకుండా గాలి లోపలికి వచ్చేస్తుంది. ప్రవృత్తి, సంకల్పం రెండూ ఒకే కండరం మీద పెత్తనం చేస్తున్నాయి, అంతిమంగా ఎవరి మాట నెగ్గుతుందో ముందే ఖాయమైంది. కానీ ఆ మధ్యలో దొరికిన వ్యవధి బూటకం కాదు.

ఇక మీరు విన్న ప్రయోగం అమెరికన్ నాడీశాస్త్రజ్ఞుడు బెంజమిన్ లిబెట్ 1983లో ప్రచురించినది. ఇష్టం వచ్చినప్పుడు మణికట్టు కదపమని, కదపాలనిపించిన క్షణంలో గడియారంలోని చుక్క ఎక్కడుందో గుర్తుంచుకోమని ఆయన కొందరిని అడిగాడు. కదలికకు సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో ఒక విద్యుత్ సంకేతం పెరగడం మొదలైంది. కదపాలనిపించిందని వారు చెప్పిన క్షణం మాత్రం కదలికకు దాదాపు 200 మిల్లీసెకన్ల ముందు వచ్చింది. నిర్ణయం మెదడుది, మనది కాదు అన్న ప్రచారం ఇక్కడే పుట్టింది, అయితే లిబెట్ స్వయంగా అంత దూరం వెళ్లలేదు. మొదలైన పనిని చివరి క్షణంలో ఆపే అధికారం చేతనకు ఉందని ఆయన నమ్మాడు. 2012లో ఆరన్ షుర్గర్ బృందం ఆ సంకేతానికి వేరే వివరణ ఇచ్చింది. మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు ఒక హద్దు దాటినప్పుడు చెయ్యి కదులుతుందనుకుంటే, కదిలిన క్షణం నుంచి వెనక్కి వెళ్లి సగటు తీసినప్పుడు అటువంటి పెరుగుదల సహజంగానే కనిపిస్తుంది. అది ముందే జరిగిపోయిన నిర్ణయానికి గుర్తు కానక్కర్లేదు. ఈ వాదం ఇంకా తెగలేదు. నా మట్టుకు నాకు, ఎప్పుడు కదిపినా ఒకటే అయిన మణికట్టు మీద చేసిన పరీక్షను తీసుకొని, నెలల తరబడి తర్జనభర్జన పడి తీసుకునే నిర్ణయాల మీద తీర్పు చెప్పడం అతిగానే కనిపిస్తుంది.

కాబట్టి మీ కుక్కకు కొంత స్వేచ్ఛ ఉంది, మనకు మరికొంత ఉంది. కారణాలకు అతీతమైన స్వేచ్ఛ అనే అర్థంలో చూస్తే, ఇద్దరికీ ఉందని నేను అనుకోవడం లేదు. అది లేకపోవడం వల్ల మనం పోగొట్టుకున్నదేమిటో కూడా నాకు బోధపడదు.

ప్రశ్న: అణువుల స్థాయిలో అనిశ్చితి ఉందని క్వాంటం భౌతికశాస్త్రం చెబుతోంది కదా. మన స్వేచ్ఛకు అదే మూలం కాకూడదా?

జవాబు: అనిశ్చితి వల్ల దొరికేది ఊహించలేనితనం మాత్రమే. నా చెయ్యి ఏదో ఒక కణం అకారణంగా కదలడం వల్ల లేచిందంటే, ఆ పనికి కర్తను నేను కాను. అయితే ఊహకు అందకపోవడం వల్ల జీవులకు వేరే లాభం ఉంది. పారిపోయే ప్రాణి ఎటు మళ్లుతుందో ముందే తెలిస్తే వేటాడేదానికి పని సులువు. ఏ గుర్తులూ లేని తెల్లటి గోడల మధ్య పండ్ల ఈగలను ఎగరనిచ్చి 2007లో చేసిన అధ్యయనంలో, వాటి మలుపులు బయటి ప్రేరణ లేకపోయినా ఆగలేదు, అలాగని వట్టి యాదృచ్ఛికంగానూ లేవు. ఆ వైవిధ్యాన్ని ఈగ మెదడే పుట్టిస్తోందని పరిశోధకుల అభిప్రాయం. ఇది సంకల్పం కాదు. సంకల్పం కట్టుకోవడానికి కావలసిన ముడిసరుకు కావచ్చు.

ప్రశ్న: ‘కోపంలో చెయ్యి చేసుకున్నాను, అది నా చేతిలో లేదు’ అనే వారిని ఏమనాలి? జంతువును శిక్షించం కదా, మనిషిని ఎందుకు శిక్షిస్తాం?

జవాబు: జంతువును శిక్షించిన కాలమూ ఉంది. ఫ్రాన్సులోని ఫలేజ్ పట్టణంలో 1386లో ఒక పసిబిడ్డను చంపిన నేరానికి ఆడపందిని విచారించి ఉరితీశారు. ఇప్పుడది మనకు వింతగా తోచడానికి కారణం, పందికి కోరికలు లేవని కాదు. ‘ఇది తప్పు, ఇందువల్ల తప్పు’ అని చెబితే ఆ హేతువును అందుకొని తన ప్రవర్తన మార్చుకునే శక్తి దానికి లేకపోవడం. పసిపిల్లల్ని కూడా ఆ లెక్కనే వదిలేస్తాం. 8 నుంచి 12 నెలల వయసు బిడ్డ ముందు ఒక బొమ్మను అలవాటైన మూత కింద కాకుండా పక్క మూత కింద దాచి, కొద్దిసేపు ఆగనిస్తే, దాచడం కళ్లారా చూసి కూడా పాత మూత వైపే చెయ్యి చాస్తుందని స్విస్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జాన్ పియాజే వివరించాడు. నుదుటి వెనుక ఉండే మెదడు భాగం దెబ్బతిన్న, పూర్తిగా ఎదిగిన కోతులు కూడా అదే పొరపాటు చేస్తాయి. తెలియడం వేరు, తెలిసినదాని ప్రకారం చేతిని ఆపుకోవడం వేరు. ఆ రెండో శక్తి మనుషుల్లో పాతికేళ్లు వచ్చేదాకా పరిపక్వమవుతూనే ఉంటుంది.

అందువల్ల ‘నా చేతిలో లేదు’ అన్న మాటను వెంటనే నమ్మకూడదు, వెంటనే కొట్టిపారేయకూడదు. ఆ మనిషికి అంతే కోపం పై అధికారి మీద వచ్చినప్పుడు చెయ్యి లేస్తోందా, ఇంట్లో బలహీనుల మీద మాత్రమే లేస్తోందా అని చూడాలి. మనిషిని బట్టి ఆగగలిగిన చెయ్యి అతని అదుపులోనే ఉన్నట్టు లెక్క, అతను జవాబు చెప్పుకోవలసిందే. అలా కాకుండా, ఇంతకాలం నెమ్మదస్తుడిగా ఉన్న వ్యక్తి హఠాత్తుగా ఎవరి ముందైనా, తనకు నష్టమని తెలిసి కూడా, ఆగలేకపోతుంటే మెదడు ముందుభాగంలో జబ్బు ఉండే అవకాశం ఉంది. పంచాయితీ పెట్టే ముందు అతణ్ని నరాల వైద్యుడికి చూపించండి.