పెండ్లిళ్ల సీజన్‌ల రెండర్ మధ్యల ఆగకుండ సిస్టమ్ ఎట్ల పెట్టుకోవాలె

తమ్మీ,

నీ వాయిస్ మెసేజ్ విన్న. పరకాల పార్టీది మూడు గంటల పెండ్లి వీడియో రాత్రి రెండర్ (కట్ చేసిన వీడియోను ఫైనల్ ఫైల్ చేసుడు) పెట్టి ఇంటికి పోతే పొద్దుగాల వచ్చేసరికి సగంల ఆగి ఉంటున్నదన్నవ్, గందుకే ఫైనాన్స్‌ల పెద్ద గ్రాఫిక్స్ కార్డు తీసుకుంటా అంటున్నవ్. జర ఆగు. కార్డు పెద్దదైతే రెండర్ జల్ది అయితదేమో గానీ మధ్యల ఆగుడు ఆగదు, ఆ రెండు వేరే వేరే ముచ్చట్లు. సిస్టమ్ స్లోగ ఉంటే రెండర్ లేటైతది గంతే, ఆగిపోయిందంటే ఏదో ఒకటి దాన్ని ఆపుతున్నట్టు.

ముందుగాల ఒక్కటి చూసి చెప్పు. ప్రతిసారి ఒక్క కాడనే ఆగుతున్నదా, ఒకసారి ఇక్కడ ఒకసారి అక్కడ ఆగుతున్నదా? టైమ్‌లైన్‌ల, అంటే క్లిప్పులు వరుసగ పేర్చే పట్టీల, ఒక్కటే జాగ మీద ఆగుతున్నదంటే తప్పు టైమ్‌లైన్‌లనే ఉన్నది, అక్కడున్న ఎఫెక్టో, ప్లగిన్నో (బయటి నుంచి ఏసుకున్న ఎక్స్‌ట్రా సాఫ్ట్‌వేర్), పాడైన క్లిప్పో. ఆ నిమిషం ముందు ఇన్, ఎనక అవుట్ మార్క్ పెట్టి గంత ముక్కనే ఎక్స్‌పోర్ట్ కొట్టు, మల్ల ఆగితే ఎఫెక్టులు ఒక్కొక్కటే ఆఫ్ చేసుకుంట పో, దొంగ దొరుకుతడు. ఇంకోటి, సుట్టాలు పంపిన ఫోన్ వీడియోలు ఉంటయి సూడు, వాటిల ఫ్రేమ్ రేట్, అంటే సెకండుకు ఎన్ని బొమ్మలనేది, ఒక్క తీరుగ ఉండదు, బరాత్‌ల డ్యాన్సు ఒకటైతే పాట ఒకటైతది, అసొంటివాటిని హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ల కాన్‌స్టంట్ (ఒక్క తీరు) ఫ్రేమ్ రేట్‌కు మార్చినంకనే టైమ్‌లైన్ మీద ఎయ్యి. అదే రోజుకొక జాగల ఆగుతున్నదంటే వేడి, కరెంటు, ర్యామ్, విండోస్, ఈ నాలుగింట్ల ఏదో ఒకటి.

నీ షాపున్నది ఏనుమాముల మార్కెట్ రోడ్డు మీద కాబట్టి నాకైతే ముందుగాల వేడి మీదనే అనుమానం. పత్తి సీజన్‌ల ఆ రోడ్డు మీద దూది పోగులు ఎట్ల ఎగురుతయో నీకు తెల్వనిది గాదు, మిర్చి సీజన్‌ల ఆ ఘాటు దుమ్ము వేరే, అదంత క్యాబినెట్ ముందటి జాలీల, ప్రాసెసర్ ఫ్యాన్ కింద ఉన్న హీట్‌సింక్ (వేడి గుంజే లోహపు రేకులు) సందులల్ల పోయి కంబళి లెక్క పర్సుకుంటది, ఫ్యాన్ తిరుగుతనే ఉంటది గానీ గాలి లోపలికి పోదు. మామూలుగ కటింగ్ చేసేటప్పుడు నీకు ఏం తెల్వదు, రెండర్‌ల ప్రాసెసర్ గంటల తరబడి ఫుల్ లోడ్ మీద ఉంటది కదా, అప్పుడు బయటపడ్తది. ఇంటెల్ ప్రాసెసర్లు చానా వరకు 100 డిగ్రీల దగ్గరికి పోంగనే వాటంతటవే స్పీడు తగ్గించుకుంటయి, ఇంకా దిగకపోతే సిస్టమే ఆఫ్ అయితది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ప్రాసెసర్ వేడి సూపిచ్చే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉన్నది, ఏసుకొని రెండర్ పెట్టి ఒక అరగంట దాని ముంగటనే కూసో, 95 దాటి అక్కడనే నిలబడ్డదంటే నీ దొంగ గాడే.

దుమ్ము కొట్టేటప్పుడు బ్లోయర్‌తోని కొట్టు, సిస్టమ్ బంద్ చేసి ప్లగ్ తీసినంకనే, ఫ్యాన్ రెక్కను ఏలుతోని పట్టుకో, లేకుంటే గాలికి గిర్రున తిరిగి బేరింగ్ పోతది. రెండు మూడేండ్లైతే ప్రాసెసర్‌కు, హీట్‌సింక్‌కు నడుమ రాసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటది, అది కూడ మార్పియ్యి, పెద్ద ఖర్చేం గాదు. ఈ పనులన్ని ఆషాఢంల పెట్టుకో, ముహూర్తాలుండయి, చేతుల పని తక్కువుంటది. ఇగ ఎండకాలం మన దగ్గర ఎండ 43, 44 దాకా పోతది, నువ్వు కూలర్ పెట్టుకుంటవ్, మంచిదే, గానీ ఆ కూలర్ మూతి క్యాబినెట్ దిక్కు తిప్పకు తమ్మీ, అది ఇచ్చేది తడి గాలి, తడి, దుమ్ము కలిస్తే బోర్డు మీద బురదనే. ఏసీ పెట్టే తాకత్ లేకుంటే పెద్ద రెండర్లు తెల్లారుజామున పెట్టు, రూమ్ చల్లగుంటది.

కరెంటు ముచ్చటకొస్తే, వైశాఖంల సాయంత్రం గాలిదుమారం లేస్తే ఏమైతదో తెల్సిందే. నువ్వు పెట్టుకున్న 600 వీఏ యూపీఎస్ మీద 600 అని ఉంటది గానీ అది ఇచ్చేది సుమారు 360 వాట్లే, గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్ రెండర్‌ల దాన్ని దాటొచ్చు, దాటితే కరెంటు పోంగనే యూపీఎస్ కుయ్‌మని సిస్టమ్‌తో పాటు అది కూడ బంద్ అయితది. కొనేటోనివైతే 1000 వీఏ పైన, ప్యూర్ సైన్ వేవ్ (మెయిన్ కరెంటు లెక్క సాఫ్‌గ వచ్చేది) ఉన్నది తీస్కో, ఇప్పటి మంచి ఎస్‌ఎమ్‌పీఎస్‌లు (క్యాబినెట్‌ల కరెంటు పంచే డబ్బాలు) కొన్ని స్క్వేర్ వేవ్ మీద సతాయిస్తయి. ఇన్వర్టర్ మీదనే నడిపిస్తున్నవైతే దాని ఎనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటది, అది ఆన్‌ల ఉన్నదో లేదో చూడు, లేకుంటే కరెంటు మారేటప్పటి ఆ చిన్న గ్యాప్‌కే సిస్టమ్ రీస్టార్ట్ అయితది.

గంత చేసినా ఎప్పుడో ఒకప్పుడు ఆగుతది. గందుకే మూడు గంటల వీడియోను ఒక్కటే దెబ్బకు ఎక్స్‌పోర్ట్ కొట్టకు. ఎంపీ4 ఫైల్‌కు ఇండెక్స్ (ఫైల్‌ల ఏది ఎక్కడున్నదో చెప్పే పట్టిక) సాధారణంగ ఆఖర్లనే రాస్తది, తొంభై తొమ్మిది శాతం కాడ కరెంటు పోయినా ఆ ఫైల్ ఓపెన్ గాదు, రాత్రంతా చేసింది నీళ్లల్ల పోసినట్టే. ఎదుర్కోళ్లు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, బరాత్ ఇట్ల ముక్కలు ముక్కలు చేసి, అన్నిటికి సెట్టింగులు ఒక్కటే పెట్టి క్యూల ఎయ్యి, పొద్దుగాల జోడించుకో. ఒక ముక్క పోతే ఆ ముక్కనే మల్ల కొడ్తవ్.

విండోస్ సంగతి జల్దిన చెప్త. పవర్ సెట్టింగ్స్‌ల స్లీప్‌ను నెవర్ చెయ్యి, స్క్రీన్ ఆఫ్ అయినా పరవాలేదు. అడ్వాన్స్‌డ్‌ల పోతే హార్డ్ డిస్క్ 20 నిమిషాలకు ఆఫ్ అని ఉంటది, దాన్ని కూడ నెవర్. అప్‌డేట్లను ఐదు వారాల దాకా ఆపొచ్చు, ముహూర్తాలున్న నెలల ఆపు, అయిపోయినంక మర్చిపోకుండ చేసుకో. యాంటీవైరస్‌ల క్యాష్ ఫోల్డర్‌కు (సాఫ్ట్‌వేర్ తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునేది), ప్రాజెక్ట్ ఫోల్డర్‌కు ఎక్స్‌క్లూజన్ ఇయ్యి, అంటే వాటిని స్కాన్ చెయ్యొద్దని చెప్పు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కు మాత్రం ఎప్పుడియ్యకు. క్రాక్ ప్లగిన్లు ఏసుకున్నవని నాకు తెల్సు, ఇయ్యాల రేపు చిన్న స్టూడియోలల్ల చానా రెండర్ ఎర్రర్లు గవే. పైసల్ లేకుంటే డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్ ఏస్కో, మన పెండ్లిళ్లకు కావాల్సిన 4కే దాకా దాంట్ల వస్తది.

సీ డ్రైవ్ ఎర్రగ అయ్యిందా, అంటే నిండిందా చూడు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ తన మీడియా క్యాష్ మొత్తం ఏం చెప్పకుండ సీ డ్రైవ్‌లనే నింపుకుంటది, ప్రిఫరెన్సెస్‌ల పోయి దాన్ని వేరే ఎస్‌ఎస్‌డీకి మార్చి పాతది డిలీట్ కొట్టు. ఎంత జాగ కావాలెనో ముందే లెక్క ఏస్కో, 20 ఎంబీపీఎస్ (సెకండుకు 20 మెగాబిట్ల) బిట్‌రేట్‌తోని మూడు గంటల వీడియో అంటే దగ్గర దగ్గర 27 జీబీ, దానికి రెండింతలు ఖాళీ పెట్టుకో. పార్టీ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌కు డైరెక్ట్‌గ ఎక్స్‌పోర్ట్ కొట్టకు, అది ఫ్యాట్32 ఫార్మాట్‌ల ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, నువ్వేమో సాఫ్ట్‌వేర్‌ను తిడ్తవ్.

ఎన్విడియా కార్డుకు గేమ్‌ల కోసమున్న గేమ్ రెడీ డ్రైవర్ బదులు ఎడిటింగ్ కోసమున్న స్టూడియో డ్రైవర్ ఏసుకో, ఎక్స్‌పోర్ట్‌ల హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ (కార్డుతోని వీడియో ఫైల్ చేయించుడు) ఆన్ ఉన్నదా చూసుకో. నీకున్న కార్డే ఇప్పటిదాక ఖాళీగ కూసున్నదేమో. ఇయ్యన్ని చేసినంక కూడ స్లో అనిపిస్తే అప్పుడు కార్డు ముచ్చట మాట్లాడుదాం, ముందుగాలైతే 16 జీబీ ర్యామ్‌ను 32 చేసుకో.

రేపు ఆ టెంపరేచర్ ఎంత సూపిచ్చిందో ఫోటో తీసి వాట్సాప్‌ల పెట్టు, కార్డు అమ్మే షాపు ఓనర్‌కు ఫైనాన్స్ కాగితాల మీద నీ సంతకం దాని తర్వాతనే.

మీ అన్న, హన్మకొండ