ఫ్రెంచ్ రాని ఇంటి నుంచి ఫ్రెంచ్ ఇమ్మర్షన్ తరగతికి

టొరంటోలో ఉంటున్నామని, సెప్టెంబరులో బాబును సీనియర్ కిండర్‌గార్టెన్ (ఒకటో తరగతికి ముందు ఏడాది) ఫ్రెంచ్ ఇమ్మర్షన్‌లో చేరుస్తున్నామని, ఇంట్లో తెలుగే మాట్లాడతామని, మీ ఇద్దరికీ ఫ్రెంచ్ ఒక్క ముక్క రాదని రాశారు. ఆ తరగతిలో రోజంతా ఏం చేయిస్తారు, ఇంటి దగ్గర మీరు ఏ విధంగా సాయపడగలరు అన్నవి మీ ప్రశ్నలు. మా అమ్మాయి ఇదే నగరంలో ఇమ్మర్షన్ రెండో తరగతి చదువుతోంది. మా ఇంట్లోనూ ఎవరికీ ఫ్రెంచ్ రాదు కాబట్టి, ఈ చలికాలం నుంచి ఇప్పటిదాకా ఆమె తరగతిలో జరిగిన కొన్ని పనులను ఆధారంగా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఇమ్మర్షన్‌లో ఫ్రెంచ్‌ను ఒక సబ్జెక్టుగా మాత్రమే విడిగా నేర్పి ఊరుకోరు. లెక్కలు, సైన్సు, బొమ్మలు, ఆటలు అన్నీ ఫ్రెంచ్‌లో జరుగుతాయి. వాటి వెంట భాష వస్తుంది. మా బడిలో మూడో తరగతి దాకా బోధన అంతా ఫ్రెంచ్‌లోనే ఉంటుంది, ఇంగ్లిషు నాలుగో తరగతిలో మొదలవుతుంది. బడులను నడిపే స్థానిక బోర్డును బట్టి ఈ వాటా మారుతుంది గాని, మన ఒంటారియో ప్రావిన్సులో ఇమ్మర్షన్ అని పిలవాలంటే కనీసం సగం బోధన ఫ్రెంచ్‌లో ఉండాలి, ఎనిమిదో తరగతి ముగిసేసరికి 3,800 గంటల ఫ్రెంచ్ బోధన పూర్తి కావాలి.

ఇక తరగతి సంగతి. కింది తరగతుల్లో చలికాలం పాఠం బట్టలు తొడుక్కోవడంతోనే మొదలవుతుంది. బయటి ఆటకు వెళ్లే ముందు పిల్లలు మంచు ప్యాంటు, బూట్లు, కోటు, ఉన్ని టోపీ, చేతి తొడుగులు ఒక్కొక్కటిగా వేసుకుంటుంటే టీచరు వాటి పేర్లు ఫ్రెంచ్‌లో పలుకుతారు, పిల్లలు వెంట పలుకుతారు. కోటు ‘ఆఁ మాఁతో’, టోపీ ‘యున్ త్యుక్’. (తెలుగు పలుకుబడి నుంచి అరసున్న ఎప్పుడో జారిపోయింది గాని, ముక్కుతో పలికే ఫ్రెంచ్ అచ్చులను రాసుకోవడానికి నాకు అంతకంటే మంచి గుర్తు దొరకలేదు.) కోటు పుంలింగమని, టోపీ స్త్రీలింగమని ఎవరూ వివరించరు. పేరుకు ముందున్న చిన్న మాటతో కలిపి రోజూ పలకడం వల్ల అది నాలుకకు పట్టేస్తుంది. ఫిబ్రవరిలో క్యుబెక్ నగరపు చలికాలపు ఉత్సవం గురించి చెప్పి, అక్కడి మంచుమనిషి బొనొమ్ నడుముకు కట్టే రంగుల పట్టీని కాగితాలతో అల్లించారు.

నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నవి అంకెలు. ఒక ఆదివారం పులిహోర కోసం వేరుశనగ గుళ్లు తీసి పెట్టుకుంటే, అమ్మాయి వచ్చి డెబ్బై అయిదు లెక్కపెట్టి చూపిస్తానంది. పది గుళ్ల చొప్పున ఆరు కుప్పలు పెట్టి, మిగిలిన పదిహేనింటినీ ఒకే కుప్పగా పక్కన ఉంచింది. ఇంకో పది విడదీయలేదేమని అడిగితే, “ఫ్రెంచ్‌లో స్వాసాఁత్-కేఁజ్ కదమ్మా, అరవై, పదిహేను” అంది. ఆ తర్వాత తనే వాటిని కలిపేసి, “ఇప్పుడు నీ డెబ్బై అయిదు” అంటూ ఏడు కుప్పలు, విడిగా అయిదు గుళ్లు పెట్టింది. ఎనభై అయితే నాలుగు ఇరవైలు, తొంభై అయితే నాలుగు ఇరవైల మీద పది. ఒకే సంఖ్యను రెండు రకాలుగా విడగొట్టవచ్చునని ఏడేళ్ల పిల్లకు చేతివేళ్ల కింద తెలియడం మామూలు విషయం కాదు. ఇంట్లో తెలుగు అంకెలు నేర్పితే బడిలో తికమక పడుతుందేమోనన్న నా భయం ఆ రోజుతో పోయింది.

మార్చిలో మేపుల్ చెట్ల పాఠం జరిగింది. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చదనం ఉన్న రోజుల్లో చెట్టు నుంచి రసం కారుతుందని, ఒక లీటరు సిరప్‌కు దాదాపు 40 లీటర్ల రసం మరిగించాలని నేర్చుకున్నారు. బాగా మరిగిన పాకాన్ని మంచు మీద పోసి, పుల్లకు చుట్టి తిన్నారు. ముందు ఏం చేశాం, తర్వాత ఏం చేశాం, చివరికి ఏం చేశాం అని నాలుగు వాక్యాలు రాయించారు. ఆ వారమే నేను అరిసెలకు బెల్లం పాకం పట్టి, ముదిరిందో లేదోనని గిన్నెలోని నీళ్లలో ఒక చుక్క వేస్తుంటే, మేపుల్‌ను మంచు మీద వేసింది కూడా ఇలాగే కదా అని పోల్చింది. లేత పాకం, ముదురు పాకం అన్న మాటలు ఆమెకు అప్పుడు నేర్పాను.

చదవడం దగ్గర నేనొక పొరపాటు చేశాను. వారానికొకసారి సంచిలో చిన్న పుస్తకం ఇంటికి పంపిస్తారు. రాసింది రాసినట్టు చదివే అలవాటుతో, ‘చిన్న పిల్లి’ అన్న చోట ‘పెటిట్ చాట్’ అని పలికి, ఆమె ‘పెతి షా’ అంటుంటే చివరి అక్షరాలు మింగేస్తున్నావని నెల రోజులు దిద్దాను. ఫ్రెంచ్‌లో మాట చివరి హల్లులు చాలాచోట్ల పలకవన్న సంగతి నాకు తెలియదు. పిల్ల గట్టిగా చదవడం మానేసింది. కారణం కనుక్కున్న టీచరు నాతో ఎంతో మర్యాదగా, “మీరు పలుకు దిద్దకండి, కథ అడగండి” అన్నారు. అప్పటి నుంచి ఆమె ఫ్రెంచ్‌లో చదువుతుంది, నేను బొమ్మలు చూస్తూ వింటాను, అయిపోయాక కథంతా తెలుగులో చెప్పమంటాను. తెలుగులో చెప్పలేకపోయిన చోటే ఆమెకు అర్థం కాలేదని నాకు తెలుస్తుంది. మీరూ ఇదే పద్ధతి మొదటి రోజు నుంచి పాటించండి.

మన భాష మరికొన్ని చోట్ల నేరుగా అక్కరకు వస్తుంది. ఇమ్మర్షన్ పిల్లలు ఇంగ్లిషు అచ్చులో పోసి ‘జ స్వీ సెతాఁ’ అంటారు, అంటే ‘నేను ఏడేళ్లను’ అన్నట్టు. సరైన మాట ‘జే సెతాఁ’, ఏడేళ్లు నాకు ఉన్నాయని. ‘నాకు ఏడేళ్లు, నాకు ఆకలి, నాకు చలి’ అని మనం అనే తీరు గుర్తుచేస్తే మా అమ్మాయి ఆ తప్పు త్వరగానే దిద్దుకుంది. టీచరును ‘త్యు’ అనకూడదు, ‘వు’ అనాలి అన్నప్పుడు కూడా నువ్వు, మీరు తెలిసిన పిల్లకు వేరే వివరణ అక్కర్లేకపోయింది.

మొదటి కొన్ని నెలలు బాబు ఇంట్లో ఒక్క ఫ్రెంచ్ మాటా మాట్లాడకపోవచ్చు. దానికి కంగారు పడవద్దు. అర్థం చేసుకోవడం ముందు వస్తుంది, మాట తర్వాత వస్తుంది. చుట్టాల ముందు ఫ్రెంచ్‌లో ఏదైనా చెప్పమని అడగవద్దని మాత్రం గట్టిగా కోరుతున్నాను. ఇంగ్లిషు వెనకబడుతుందేమో అన్న భయం కొత్తది కాదు. 1965లో మాంట్రియల్ పక్కనున్న సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లిషు మాట్లాడే తల్లిదండ్రుల పట్టుదలతో ఈ పద్ధతి మొదలైనప్పుడే మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. ఇంగ్లిషు పాఠాలు మొదలయ్యాక వాళ్లు తోటివారిని అందుకున్నారని తేలింది. అయితే ఆ పిల్లల ఇంటి భాష ఇంగ్లిషు, మనది తెలుగు. అందుకే మేము లైబ్రరీ నుంచి ఇంగ్లిషు పుస్తకాలు కూడా ప్రతివారం తెస్తాం, నిద్రపోయే ముందు కథ మాత్రం తెలుగులోనే చెప్తాం.

సెప్టెంబరు లోపు యాప్‌లు, పలకలు కొనాల్సిన పని లేదు. ఒక్క వాక్యం మాత్రం ఆటలా నేర్పి పంపండి: ‘ఎస్ క జ పొ అలే ఓ త్వాలెత్?’ టాయిలెట్‌కు వెళ్లవచ్చా అని అర్థం. మొదటి వారంలో మా అమ్మాయికి ఈ మాట రాక, అడగలేక, ఏడుస్తూ ఇంటికి వచ్చింది.